రాణిగారి బొమ్మ ఒకచోట... రాణిగారు ఒకచోట!

'స్టార్ వార్స్' చూశారు కదూ? 1977లో వచ్చిన జార్జి లూకాస్ సినిమా. అందులో తిరుగుబాటుదారుల స్థావరం వుండే గ్రహం ఒకటి కనిపిస్తుంది. కనుచూపు మేరా పచ్చని అడవి... ఆ చెట్లను చీల్చుకుని పైకి లేచిన రాతి గోపురాలు... వాటి మీదుగా దిగే అంతరిక్ష నౌక! "అబ్బ, ఎంత సెట్టు వేశారో!" అని నోరు తెరిచినవాళ్ళు చాలామందే వున్నారు.

అది సెట్టు కాదు. నౌక ఒక్కటే ట్రిక్కు. అడవి నిజం, గోపురాలు నిజం. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో 'తికాల్' అనే పాడుపడిన మహానగరం అది. రెండేళ్ళు తిరక్కుండానే జేమ్స్‌బాండ్ కూడా అక్కడికి వెళ్ళాడు. 1979లో వచ్చిన 'మూన్‌రేకర్'లో విలన్ స్థావరంగా బయటినుంచి చూపించింది తికాల్ గోపురాలనే. సరిగ్గా అదే సంవత్సరం యునెస్కోవారు తికాల్‌ను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు.

కెమెరా ఎటు తిప్పితే మనం అటే చూస్తాం. అటు తిప్పకపోతే చూడం! ఆ అడవుల్లోనే, ఆ కాలంలోనే, కెమెరా కంటికి అందనంత లోపల ఇంకో రకం 'షూటింగ్' కూడా జరిగేది. అక్కడ పేలినవి డమ్మీ తుపాకులు కావు. పడిపోయినవాడు 'కట్' అనగానే లేచి కూర్చోలేదు. పాత నగరాల్లో శిల్పాలను రంపాలతో కోసి, సమాధుల్ని తవ్వి, దొరికినవి దేశాలు దాటించే దొంగల కథ అది. అందులో ఒక రాణిగారున్నారు, ఒక హీరో వున్నాడు, ప్రాణం పోగొట్టుకున్న ఒక అమాయకుడున్నాడు. విలన్ ఎవరన్నది మాత్రం చివరిదాకా చదివి మీరే తేల్చుకోవాలి!

మాయాబజార్ కాదు... మాయా జాతి

ముందొక మాట. మాయా అనగానే మన మయసభ, మాయాబజార్ గుర్తుకు రావటం సహజమే. వాటికీ వీళ్ళకీ ఏ సంబంధమూ లేదు, పేరు కలిసిందంతే. ఈ మాయావారు మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలీజ్, హోండూరాస్, ఎల్ సాల్వడార్ ప్రాంతాల్లో రెండువేల ఏళ్ళకు పైగా నగరాలు కట్టుకుని బతికినవాళ్ళు. క్రీ.శ. 250 నుంచి 900 దాకా వాళ్ళ వైభవానికి స్వర్ణయుగం. గోపురాలు కట్టారు, గ్రహాల నడక లెక్కగట్టారు, సొంత లిపిలో తమ చరిత్ర తాము రాసుకున్నారు. పాతకాలపు పుస్తకాల్లో "మాయమైపోయిన మాయా జాతి" అని రాసేవారు. అదీ తప్పే. నగరాలు పాడుపడ్డాయిగాని మనుషులెక్కడికీ పోలేదు. ఒక్క గ్వాటెమాలాలోనే ఈనాటికీ 22 మాయా భాషలు మాట్లాడుతున్నారు.

వాళ్ళ రాజులకొక అలవాటుండేది. ముఖ్యమైన సందర్భం వస్తే నిలువెత్తు రాయి నిలబెట్టి, ముందువైపు రాజునో రాణినో చెక్కించి, చుట్టూ తారీఖులతో సహా కథంతా శాసనంలా రాయించేవారు. అది ఎవరి బొమ్మ, ఏ గుడి ముందు, ఏ రాయి పక్కన వుంది అన్నది కూడా కథలో భాగమే. 1960లో తాతియానా ప్రోస్కురియాకోవ్ అనే విదుషీమణి 'పియెద్రాస్ నెగ్రాస్' అనే నగరంలో ఏ రాళ్ళు ఏ గుడి ముందు గుంపుగా వున్నాయో పరిశీలించి, వాటిమీది తారీఖులు ఒక్కొక్క రాజు జీవితకాలంలో సరిపోతున్నాయని పట్టుకుంది. అంతవరకూ ఆ రాతలు ఒట్టి జ్యోతిషం, పంచాంగం అనుకునేవారు. అవి రాజుల చరిత్రలని ఆ రోజున తేలింది. రాళ్ళు వున్నచోట వున్నాయి కాబట్టే తేలింది!

భార్య ఒహాయోలో, భర్త టెక్సాస్‌లో

ఇప్పుడు మన రాణిగారి సంగతి. పేరు కాబెల్. 'వాకా' అనే నగరానికి రాణి. ఈ ఊరికి తరవాతివాళ్ళు పెట్టిన పేరు 'ఎల్ పెరూ'. పెరూ దేశంతో పనిలేదు, వుండేది గ్వాటెమాలా ఉత్తర భాగంలోని పెతేన్ అడవిలో. ఆమె పుట్టిల్లు ఆ రోజుల్లో మహాబలవంతమైన 'కాన్' వంశం, అంటే సర్పరాజ్యం. భర్త పేరు కినిచ్ బహ్లామ్. అయితే బిరుదులో భర్తకంటే భార్యదే పైమెట్టు! 'కలోమ్‌తె' అని, సేనాధిపతులకే అధిపతి లాంటి బిరుదు ఆమెది. క్రీ.శ. 692లో ఈ దంపతులిద్దరికీ చెరొక రాయి నిలబెట్టారు. రాణిగారి రాయి దాదాపు 9 అడుగుల ఎత్తు. తలమీద ఈకల కిరీటం, చేతిలో డాలు, పక్కన ఒక మరుగుజ్జు పరిచారకుడు. ఏ సినిమా మహారాణి ఎంట్రీకీ తీసిపోని ఠీవి!

ఆ జంట పన్నెండు శతాబ్దాలకు పైగా ఒకే ఊళ్ళో వుంది. 1960 తరవాత దొంగలు పడ్డారు. అంత రాయి మొయ్యలేరు కదా! అంచేత వెనకభాగమంతా వదిలేసి, బొమ్మ వున్న ముందు పొరను మాత్రం రంపాలతో పలకలా కోశారు. దాన్ని మళ్ళీ ముక్కలు చేశారు. 1967 నాటికి రాణిగారు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ కళా మ్యూజియంలో తేలారు. రాజుగారు టెక్సాస్ రాష్ట్రంలో ఫోర్ట్‌వర్త్ నగరంలోని కింబెల్ మ్యూజియానికి చేరారు. క్లీవ్‌లాండ్‌లో ఆ శిల్పానికిచ్చిన పేరు చూడండి: 'శిల ముందు మొహం'. మొహం ఒక్కటే వచ్చిందని పేరే చెబుతోంది!

మరి ఆమెది ఏ ఊరో ఎలా తెలిసింది? ఇక్కడే మన హీరో ప్రవేశిస్తాడు.

తుపాకీ లేని హీరో

ఇయన్ గ్రాహమ్ ఇంగ్లీషువాడు. 1968 నుంచీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పీబాడీ మ్యూజియం తరఫున ఒక మహాయజ్ఞం మొదలుపెట్టాడు. మాయా శాసనాలు ఎక్కడెక్కడున్నాయో వెతికి, ప్రతిదాన్నీ ఫోటో తీసి, గీత గీతా బొమ్మ గీసి అచ్చువెయ్యటం. చేతిలో కొరడా లేదు, నెత్తిన ఇండియానా జోన్స్ టోపీ లేదు. వున్నవల్లా కెమెరా, పెన్సిలు, కంచరగాడిదలు. ఎల్ పెరూ శిథిలాల్లో దొంగలు కోయగా మిగిలిన రాళ్ళు చూసి, అమెరికాలో వున్న 'మొహాలు' వీటివేనని జతకలిపింది ఆయనే.

అయితే ఈ పని ఆటవిడుపు కాదు. 1971లో గ్రాహమ్ బృందం 'లా నాయా' అనే శిథిల నగరానికి వెళ్ళింది. అప్పటికే అక్కడ దొంగలు మకాం వేసి వున్నారు. కాల్పులు జరిగాయి. గ్రాహమ్ వెంట సహాయకుడుగా వెళ్ళిన పెడ్రో ఆర్తురో సియెర్రా ప్రాణాలు పోయాయి. అతను గ్వాటెమాలావాడు. తన దేశపు రాళ్ళ జాబితా రాసే పనిలో చచ్చిపోయాడు! ఏదో ఒక డ్రాయింగ్ రూములో, చక్కని దీపం కింద, ఒక మాయా శిల్పం ముందు నిలబడి "ఎంత సున్నితమైన పనితనం!" అని మురిసిపోయే పెద్దమనిషికి ఈ సియెర్రా ఎవరో తెలిసే అవకాశం లేదు.

ఆ ఏడాదే ఇంకో దొంగతనం బయటపడింది. 'మచాకిలా' అనే చోట గ్రాహమ్ అంతకుముందే ఫోటోలు తీసి పెట్టిన ఒక నిలువురాయిని దొంగలు కోసి, పక్కనున్న బెలీజ్ చేర్చారు. అక్కడ చేపలు ప్యాక్ చేసే కార్ఖానాలో పెట్టెల్లో బిగించి అమెరికాకు ఎగుమతి చేశారు! శిల్పం ఫోటోలు మ్యూజియంల ముందుకు వచ్చాయి, కొంటారా అని. కాని అది ఎక్కడి రాయో తెలిసినవాళ్ళున్నారు. గ్రాహమ్ పాత ఫోటోలే సాక్ష్యం. అమెరికా పోలీసు సంస్థ ఎఫ్.బి.ఐ. రంగంలోకి దిగింది. క్లైవ్ హాలిన్‌షెడ్ అనే వర్తకుడిమీద కేసు నడిచి శిక్షపడింది. 1974లో పైకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. రాయి గ్వాటెమాలాకు తిరిగి వెళ్ళింది. ఒక కెమెరా స్టిల్లు కోర్టులో గెలిచిన కేసు అది!

ముక్క కత్తిరించిన ప్రింటు

"ఎక్కడో అడవిలో పడి నాచు పట్టేదానికంటే మ్యూజియంలో భద్రంగా వుంటే నష్టమేమిటండీ?" అని మీరడగొచ్చు. చాలామంది అడిగారు. దీనికి సినిమా భాషలోనే జవాబు చెప్పుకుందాం.

ఒక సినిమా ప్రింటులోంచి హీరోయిన్ క్లోజప్ వున్న ముక్క ఎవరో కత్తిరించుకుపోయి, ఫ్రేము కట్టి గోడకు తగిలించుకున్నారనుకోండి. బొమ్మ అందంగానే వుంటుంది. కాని ఆవిడ ఎవరికోసం ఏడుస్తోంది? అంతకుముందు ఏం జరిగింది? ఆ తరవాత ఏమైంది? ఇటు బొమ్మ మూగదైంది, అటు సినిమా తెగిపోయింది. రెండూ పోయాయి! మన మొట్టమొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటు ఇవాళ ఎక్కడా దొరకదు. ఆ లోటేమిటో మన పాఠకులకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పెతేన్ అడవిలోనే వున్న 'రియో అసూల్' అనే చోటు చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 1981లో గ్రాహమ్ అక్కడికి వెళ్ళేసరికి గోపురాల నిండా దొంగలు తవ్విన కందకాలే! రంగులతో బొమ్మలు వేసిన సమాధుల్ని కొల్లగొట్టేశారు. అక్కడి పాత్రలు ఎవరి పక్కన పెట్టారో, వాటిలో ఏముండేదో ఇక తెలిసే దారి లేదు. అయితే దొంగల కన్ను పడని సమాధి ఒకటి 1984లో రిచర్డ్ ఆడమ్స్ బృందానికి దొరికింది. అందులో ఒక విచిత్రమైన కుండ. మూత తిప్పి బిగించే ఏర్పాటున్న కుండ! దానిమీది రాతలో 'కకావ్' అనే మాట వుందని డేవిడ్ స్టువర్ట్ అనే కుర్ర పండితుడు చదివాడు. లోపల అడుగున అంటుకుని వున్న మడ్డిని తీసి అమెరికాలోని హెర్షీ చాక్లెట్ కంపెనీ ప్రయోగశాలకు పంపితే, అది నిజంగా కోకోవేనని తేలింది. పదిహేను వందల ఏళ్ళనాటి చాక్లెట్ పానీయం! చదివిన మాటకు, నాలిక్కి తగిలే వస్తువుకు ముడిపడింది.

ఇదే కుండ దొంగల చేతిలో పడితే? మొదటి పని, శుభ్రంగా కడిగేవాళ్ళు. మెరిసే వస్తువుకే కదా ధర! మడ్డి కాలవలో పోయేది, ఊరు పేరు లేకుండా పోయేది, చరిత్ర పోయేది. మిగిలేది ఒక 'అందమైన పురాతన పాత్ర'.

తవ్వేవాడెవరు? కొనేవాడెవరు?

పెతేన్‌లో దొంగతవ్వకాలు చేసేవాళ్ళను 'వెచేరో' అంటారు. అక్కడి 'ఆర్మడిల్లో' అనే జంతువు పేరునుంచి వచ్చిన మాట. మన అలుగులాగా నేలలో బొరియలు తవ్వే జంతువది. వీళ్ళలో చాలామంది బీదవాళ్ళు. చ్యూయింగ్‌గమ్‌లో వాడే జిగురు పాలకోసం చెట్లు గీసేవాళ్ళు, పూలగుత్తుల్లో పెట్టే ఆకులు ఏరేవాళ్ళు. అడవి అణువణువూ తెలిసినవాళ్ళు. 1960 నుంచి 1996 దాకా గ్వాటెమాలాలో అంతర్యుద్ధం. ఊళ్ళు తగలబడ్డాయి, లక్షలమంది నిలవనీడ లేక చెదిరిపోయారు. కడుపు కాలినవాడికి గోపురంలో కనిపించేది తాతముత్తాతల చరిత్ర కాదు, రేపటి జొన్నరొట్టె. తవ్వినవాడికి దక్కేది కూలి డబ్బులు. దళారీకి లాభం. ఆఖర్న కొన్న ఆసామికి 'కళాహృదయుడు' అనే బిరుదు!

కొనేవాడు లేకపోతే తవ్వేవాడు లేడు. ఈ ముక్క గట్టిగా చెప్పింది క్లెమెన్సీ కాగిన్స్ అనే అమెరికా కళాచరిత్రకారిణి. 1969లో ఆమె ఒక వ్యాసం రాసి, అడవుల్లో మాయమైన శిల్పాలు ఏయే పేరుమోసిన మ్యూజియంలలో, ఎవరెవరి ఇళ్ళలో తేలాయో లెక్క చెప్పింది. పెద్దమనుషుల మొహాలు మాడిపోయాయి. మరుసటేడు, 1970లో, దొంగ సాంస్కృతిక సంపద రవాణాను అరికట్టటానికి యునెస్కో ఒప్పందం వచ్చింది. 1972లో అమెరికా ఒక చట్టం చేసింది: పుట్టిన దేశం ఎగుమతికి అనుమతి పత్రం ఇస్తేనే పెద్ద పెద్ద ప్రాచీన శిల్పాలు, గోడచిత్రాలు తమ దేశంలోకి రావాలని. రాణిగారు క్లీవ్‌లాండ్ చేరిన అయిదేళ్ళకన్నమాట!

చట్టం రాగానే దొంగలు బుద్ధిమంతులయ్యారా? అబ్బే! రాళ్ళు వదిలి కుండలమీద పడ్డారు. ఆ చట్టంలో కుండలు లేవు మరి. గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? బొమ్మలేసిన పాత్రలకోసం సమాధుల వేట ఎక్కువైంది. 1991లో అమెరికా పెతేన్ వస్తువులమీద అత్యవసర నిషేధం పెట్టింది. 1997లో గ్వాటెమాలాతో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందాన్ని తరవాత పలుమార్లు పొడిగించారు.

ఊరివాళ్ళే డిటెక్టివ్‌లు

కాగితంమీద చట్టం ఎంత గట్టిదైనా అడవిలో కాపలా కాసేది మనిషే. ఈ కథలో ఈలలు వేయదగ్గ సీను 'కాన్‌క్వెన్' అనే చోట జరిగింది. అక్కడి రాజు తాజ్ చాన్ అహ్క్ క్రీ.శ. 796లో బంతాట మైదానంలో నెలకొల్పిన ఒక చెక్కడపు రాతి పీఠం, 2001లో కురిసిన భారీ వర్షాలకు మట్టి కొట్టుకుపోయి బయటపడింది. ముందు చూసింది దొంగలే. దాదాపు 270 కిలోల రాయిని ఎత్తుకుపోయారు. ఆ తరవాత వాళ్ళలో వాళ్ళకే తగాదా! ఆయుధాలతో ఊరిమీద పడి జనాన్ని కొట్టారు.

ఊళ్ళో వుండేది కెక్చీ మాయా ప్రజలు. పోలీసులంటే భయం, ముఠాలంటే మరీ భయం. అయినా గ్రామ పెద్దలు ధైర్యం చేసి, అక్కడ తవ్వకాలు జరుపుతున్న ఆర్థర్ డెమరెస్ట్ అనే పురాతత్వవేత్త దగ్గరికి వచ్చి చెప్పేశారు. గ్వాటెమాలా పోలీసులు మారువేషాల్లో తిరిగారు. దొంగలు దొరికారు, రాయి దొరికింది. 2003లో ఆ సంగతి లోకానికి ప్రకటించారు. తవ్వకాల్లో ఊరివాళ్ళకు పనీ గౌరవమూ వున్నాయి కాబట్టే వాళ్ళు నోరు విప్పారు. లేకపోతే ఎవరి రాయి, ఎవరికి బాధ?

మన దగ్గర తెలుగు మాటలతో ఆడిన '2012' సినిమా గుర్తుందా? మాయా పంచాంగం ప్రకారం ప్రళయం వస్తుందని జనమంతా హడలిపోయారే! ఆ సినిమా 2009లో వచ్చింది. సరిగ్గా 2012లోనే 'లా కరోనా' అనే చోట, దొంగలు ఏనాడో తవ్వి పాడుచేసిన కట్టడంలో, 22 చెక్కిన రాళ్ళు పురాతత్వవేత్తలకు దొరికాయి. వాటిలో ఒకదానిమీద ఆ 2012 తారీఖు ప్రస్తావన వుంది. ఏముందయ్యా అంటే ప్రళయమూ లేదు, గిళయమూ లేదు! యుద్ధంలో ఓడిన ఒక రాజు క్రీ.శ. 696లో ఆ ఊరికి వచ్చి, తన పేరును ఎప్పటికో రాబోయే ఆ గొప్ప తారీఖుతో ముడిపెట్టుకున్నాడు. పరువు నిలుపుకోవటానికి! ఆ రాయి కూడా బజారులో అమ్ముడుపోయి వుంటే, ప్రళయం పుకారుకు జవాబు చెప్పే సాక్షుల్లో ఒకటి తగ్గిపోయేది.

క్లైమాక్స్

మళ్ళీ రాణిగారి దగ్గరికి వద్దాం. వాకా నగరంలో 2003 నుంచి డేవిడ్ ఫ్రైడెల్, హెక్టర్ ఎస్కోబెడో ప్రభృతులు శాస్త్రీయంగా తవ్వకాలు మొదలుపెట్టారు. 2012లో ప్రధానమైన గుడి మెట్లకింద దొంగల కంటపడని సమాధి ఒకటి తెరిచారు. లోపల ఒక పెద్దవయసు మనిషి అస్థికలు. పక్కన చిన్న పాలరాతి బరిణె, శంఖం ఆకారంలో చెక్కింది. శంఖంలోంచి తొంగిచూస్తున్న ఒక ముసలమ్మ మొహం. బరిణె వెనక చెక్కిన అక్షరాలు చదివితే... కాబెల్ రాణి పేరు!

గుప్పెట్లో పట్టే బరిణె అది. బజారులోకి వచ్చి వుంటే 'మాయా బరిణె, పాలరాయి' అని చీటీ అంటించేవారు. వున్నచోట దొరికింది కాబట్టి ఒక మహారాణిని గుర్తుపట్టి చూపించింది. ఆమె నిలువెత్తు బొమ్మ ఒహాయోలో, భర్త బొమ్మ టెక్సాస్‌లో, ఆమె మాత్రం తన ఊళ్ళోనే.

తిరిగివచ్చేవి లేకపోలేదు. పియెద్రాస్ నెగ్రాస్‌లో 1899లోనే ఫోటో తీసిన ఒక శిల 1960 తరవాత మాయమైంది. దాని ముక్క 2019లో పారిస్ వేలంపాటలో ప్రత్యక్షమైంది. గ్వాటెమాలా అభ్యంతరం చెప్పింది, పాట ఆగింది. 2021లో దాన్ని దగ్గరుంచుకున్నవారే స్వచ్ఛందంగా అప్పగించారు. మళ్ళీ ఇక్కడా నిలబెట్టింది పాత స్టిల్లు ఫోటోయే!

ఆపద తీరిపోయిందనుకోవద్దు. విమానంనుంచి లేజరు కిరణాలతో పెతేన్ అడవిని కొలిస్తే, చెట్లకింద 60 వేలకు పైగా కట్టడాల జాడ తెలిసిందని 2018లో ప్రకటించారు. శాస్త్రజ్ఞులకు పండగే. కాపలాకు మనుషులో? వాకా వున్న లగూనా దెల్ తీగ్రె అభయారణ్యంలో పశువుల మేతకోసం అడవిని తగలబెట్టేవాళ్ళు, మత్తుమందుల విమానాలు దింపేవాళ్ళు ఇంకా వున్నారు. అక్కడి గార్డులు మంటలూ ఆర్పాలి, రాళ్ళూ కాయాలి.

అన్నట్టు, ఇండియానా జోన్స్ సంగతి. 1981లో వచ్చిన మొదటి సినిమాలో గుడిలోంచి బంగారు విగ్రహం ఎత్తుకుని పరుగెత్తే ఆ దొర, నిజం లెక్కన చూస్తే, వెచేరోకి అన్నగారే! అయితే ఆ వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ 2008లో అమెరికా పురాతత్వ సంస్థ పాలకవర్గ సభ్యుడిగా ఎన్నికై, తెరమీద చేసిన పనికి తెరబయట ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు.

విలన్ ఎవరో తేల్చుకున్నారా? తవ్విన బీదవాడా? దళారీయా? లేక చేతిలో చెక్కుబుక్కుతో, "ఇది ఎక్కడిది?" అన్న ఒక్క ప్రశ్న అడక్కుండా కొన్న పెద్దమనిషా? ఆ ప్రశ్న ఆనాడే అందరూ అడిగి వుంటే కాబెల్ రాణి రాయి నిలువునా కోయబడేది కాదు. పెడ్రో సియెర్రా ఇంటికి తిరిగి వెళ్ళేవాడు.